గళ్లలో సాఫ్ట్‌వేర్ జాతకం!

ఇల్లు కట్టేస్తే అయిపోతుంది. సినిమా తీసేస్తే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం రాసేస్తే అయిపోదు. రాసిన మర్నాటి నుంచీ మారుతూనే ఉంటుంది. ఆ మార్పుల్లోనూ ఓ వరస ఉందనీ, దాన్ని పట్టుకుంటే రేపు ఎక్కడ చెయ్యి పెట్టాల్సి వస్తుందో ఇవాళే ఊహించొచ్చనీ అంటారు పరిశోధకులు. ఉబ్బిపోయే కోడ్, చిక్కిపోయే కోడ్, ఉలుకూ పలుకూ లేని కోడ్... ఆ కబుర్లే ఇవి.

2012 ఆగస్టు 1. ఉదయం తొమ్మిదిన్నర. న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో లావాదేవీలు మొదలయ్యాయి. షేర్ల వ్యాపారంలో పేరున్న నైట్ క్యాపిటల్ సంస్థ కంప్యూటర్లూ ఎప్పట్లాగే పనిలోకి దిగాయి. కానీ, ఆ వేళ వాటికి పూనకం వచ్చినట్లయింది. వచ్చిన ఆర్డర్లు 212. వాటి పేరు చెప్పి కంప్యూటర్లు జరిపేసిన లావాదేవీలు 40 లక్షలు! ఏం జరుగుతోందో తెలుసుకుని ఆపేసరికి ముప్పావుగంట గడిచిపోయింది. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. అప్పటి లెక్కలో దాదాపు రెండున్నర వేల కోట్ల రూపాయలు. ఆ దెబ్బకు ఏడాది తిరిగేలోగా సంస్థ మరొకరి చేతికి వెళ్లిపోయింది.

విచారణలో తేలిందేమిటంటే... కొత్త ప్రోగ్రామ్‌ని ఎనిమిది సర్వర్లలోకి ఎక్కించాల్సి ఉండగా ఏడింట్లోకే ఎక్కించారు. మిగిలిన ఆ ఒక్కదాంట్లో, 2003లోనే వాడడం మానేసిన ఓ పాత ప్రోగ్రామ్ అలాగే ఉండిపోయింది. కొత్త పనికోసం వాడుకున్న 'మీట' ఒకప్పుడు ఆ పాతదానిదే. దాన్ని నొక్కగానే తొమ్మిదేళ్లుగా నిద్రపోతున్నది కాస్తా లేచి కూర్చుంది!

అటక మీద ఏం పడేశామో గుర్తులేని ఇంట్లో ఎప్పుడు ఏం మీదపడుతుందో తెలియదు. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ఏ మూల ఏ కోడ్ ఉందో, అది ఎప్పుడెప్పుడు ఎలా మారుతూ వచ్చిందో తెలియకపోతే ముప్పు తప్పదు. అందుకే సాఫ్ట్‌వేర్‌ని రాయడమే కాదు, రాసింది కాలంతోపాటు ఎలా మారుతోందో గమనించడం కూడా ఓ శాస్త్రమైంది.

'మావాడు సాఫ్ట్‌వేర్!'

'మావాడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని చెప్పుకునే ఇళ్లు తెలుగునాట వీధికి నాలుగుంటాయి. ఏం చేస్తాడంటే 'ప్రోగ్రాములు రాస్తాడు' అంటారు పెద్దవాళ్లు. వాణ్నే అడిగితే 'మెయింటెనెన్స్ ప్రాజెక్టమ్మా' అనో, 'సపోర్టు నాన్నా' అనో చెప్పి ఊరుకుంటాడు. అంటే... ఎవరో, ఎక్కడో, ఎప్పుడో రాసిన ప్రోగ్రామ్‌ని చదివి అర్థం చేసుకోవడం. అందులో కొత్త పనులు చేర్చడం. తేడా వస్తే సరిచేయడం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని అమెరికా, యూరప్ కంపెనీల పాత సాఫ్ట్‌వేర్‌ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలు చాలావరకూ ఇలాంటివే.

1990ల చివర్లో ఎందరో తెలుగు కుర్రాళ్లు అమెరికా విమానం ఎక్కింది కూడా ఈ పనికే. అప్పట్లో వైటూకే సమస్య ప్రపంచాన్ని హడలెత్తించింది. సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000ని చూసి 1900 అనుకోకుండా ఉండాలంటే, ఎక్కడెక్కడ తేదీ ఉందో వెతికి మరీ మార్చాలి. తమ కోడ్ అన్నాళ్లు బతుకుతుందని అది రాసినవాళ్లు కలలో కూడా అనుకోలేదు!

ఈ పని ఎంత పెద్దదో చాలామందికి 1980లో తెలిసొచ్చింది. లియెంట్జ్, స్వాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 487 సంస్థల్ని సర్వే చేస్తే, కంప్యూటర్ విభాగాల్లో సగం వరకూ సమయం ఉన్న సాఫ్ట్‌వేర్‌ని చూసుకోవడానికే పోతోందని తేలింది. అందులోనూ తప్పులు దిద్దడానికి పట్టేది దాదాపు అయిదో వంతే. ఎక్కువ భాగం కొత్త అవసరాలకు తగ్గట్టు మార్చడానికే. అంటే సాఫ్ట్‌వేర్ మారుతున్నది చెడిపోయి కాదు... దాన్ని వాడేవాళ్ల జీవితం మారుతోంది కాబట్టి!

అచ్చు ఒకటే... ఇటుకలు వేలు

మరి మార్పు తప్పదన్నప్పుడు, తేలిగ్గా మార్చుకునేలా రాస్తే పోలేదా? 'ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్' పద్ధతి ఇంతగా పాతుకుపోవడానికి ఆ ఆశే ముఖ్య కారణం.

అంతకుముందు ప్రోగ్రామ్ అంటే వంటల పుస్తకంలా ఉండేది. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి... అంతే. సమాచారం ఒకచోట, దానితో చేసే పనులు మరోచోట. 1960ల్లో నార్వే రాజధాని ఓస్లోలో ఒలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిజ ప్రపంచంలోని వ్యవస్థలకు కంప్యూటర్లో నమూనాలు కట్టాలనుకున్నారు. అందుకోసం 'సిములా' అనే భాష తయారుచేశారు. సమాచారాన్నీ, దానితో చేసే పనుల్నీ కలిపి ఒకే మూటగా కట్టడం అందులోని కిటుకు. ఆ ఆలోచనకే 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. కంప్యూటర్ రంగంలో అది నోబెల్ అంతటిది.

బ్యాంకు సంగతే తీసుకోండి. 'ఖాతా' అని ఓ అచ్చు తయారుచేస్తారు. ఖాతాదారు పేరు, నిల్వ అందులోనే ఉంటాయి. డబ్బు వేయడం, తీయడం లాంటి పనులూ అందులోనే. ఈ అచ్చుని 'క్లాస్' అంటారు. దాంతో పోసిన ఒక్కో ఇటుకా ఒక్కో 'ఆబ్జెక్ట్'... అంటే మీ ఖాతా, పక్కింటివాళ్ల ఖాతా. దీనికి వారసత్వం కూడా ఉంది. 'పొదుపు ఖాతా' అనే పిల్ల క్లాస్, 'ఖాతా' అనే తల్లి క్లాస్ నుంచి అన్నీ అందుకుని, వడ్డీ లెక్క ఒక్కటి తనది చేర్చుకుంటుంది.

స్మాల్‌టాక్, సీ ప్లస్‌ప్లస్, 1995లో వచ్చిన జావా... అన్నీ ఈ దారిలో నడిచినవే. 2000ల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ సందులోకి వెళ్లినా 'కోర్ జావా' బోర్డులే. ఒక గది బాగుచేసుకుంటే పక్క గది గోడ కదలకూడదు... అదీ ఈ పద్ధతి ఇచ్చిన మాట. ఒకటీ రెండూ గదుల ఇంట్లో ఆ మాట నిలబడింది. కానీ గదులు వేలల్లో ఉంటే? వాటిని ఇరవై ఏళ్లపాటు ఎందరో వచ్చి కట్టుకుంటూ, కూలుస్తూ పోతే?

ఆగితే చెడుతుంది

ఈ ప్రశ్నను ముందుగా పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు మేయర్ లేమన్. జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన ఆయన 1960ల్లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేశారు. ప్రోగ్రాములు రాసే పని ఎలా సాగుతోందో చూడమని సంస్థ ఆయనకు చెప్పింది. ఆయన సహచరుడు లాస్లో బెలాడీతో కలిసి ఓఎస్‌/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ లెక్కలు ముందేసుకున్నారు. ఒక్కో విడుదలకూ అది ఎంత పెరిగిందో గీత గీసి చూస్తే... ఆ పెరుగుదల ఎవరి ఇష్టాయిష్టాలతోనూ సంబంధం లేనట్లు, తనదైన ఓ తీరులో సాగుతోంది!

అలా 1974లో మొదటి సూత్రాలు వచ్చాయి. 1996 నాటికి అవి ఎనిమిదయ్యాయి. అందులో రెండు ముఖ్యం. ఒకటి... జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉండాలి, మారకపోతే రోజురోజుకీ పనికిరాకుండా పోతుంది. రెండు... మారేకొద్దీ చిక్కుముడులు పెరుగుతాయి, వాటిని విప్పడానికి విడిగా పనిచేస్తే తప్ప. మొదటిది తప్పించుకోలేం. రెండోదాన్ని పట్టించుకోం. తంటా అంతా అక్కడే!

అమెరికాలోని ఓ టెలిఫోన్ ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ పదిహేనేళ్ల మార్పుల చిట్టాను కొందరు పరిశోధకులు తిరగేసి 2001లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో ఒక మార్పు చేయాలంటే చాలావరకూ ఒక్క ఫైలు తెరిస్తే సరిపోయేది. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్క మార్పుకోసమే ఒకటికి మించిన చోట్ల వేలు పెట్టాల్సిన సందర్భాలు పెరుగుతూ పోయాయి. కోడ్ తుప్పు పట్టదు, చెదలు తినవు. అయినా పాతబడుతుంది!

గళ్లపటంలో నక్షత్రాలు

సాఫ్ట్‌వేర్ మొత్తంగా ఎలా పెరుగుతుందో లేమన్ చెప్పారు. మరి లోపలున్న ఒక్కో క్లాస్ సంగతేంటి? స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మికేలె లాంజా అనే పరిశోధక విద్యార్థికి ఈ ఆలోచన వచ్చింది. వేల లైన్ల కోడ్‌ని చదువుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది. అదే బొమ్మగా గీస్తే? 2001లో ఆయన ఓ పటం తయారుచేశారు. దాని పేరు 'ఎవల్యూషన్ మ్యాట్రిక్స్'.

చూడటానికి చాలా తేలిక. సాఫ్ట్‌వేర్ మొదటి విడుదల ఎడమవైపు మొదటి నిలువు వరస. రెండో విడుదల దాని పక్క వరస. అలా కుడివైపు చివర తాజా విడుదల. ఒక్కో క్లాస్‌కీ ఒక్కో అడ్డు వరస. ఆ గడిలో క్లాస్‌ని చిన్న డబ్బాగా గీస్తారు. అది చేసే పనులెన్నో డబ్బా వెడల్పు చెబుతుంది. అది దాచుకునే సమాచారం ఎంతో ఎత్తు చెబుతుంది. కొత్తగా పుట్టిన క్లాసులు అడుగున చేరతాయి. దూరం నుంచి చూస్తే పటం మెట్లమెట్లుగా కిందికి దిగుతుంది. పెద్ద మెట్టు కనిపించిందంటే ఆ విడుదలలో క్లాసులు ఎడాపెడా పుట్టుకొచ్చాయని. చాలాదూరం చదునుగా ఉందంటే కొత్తగా ఏదీ చేరలేదని.

జాతకచక్రం లాగే ఇదీ గళ్లపటమే. కాకపోతే ఇందులో జోస్యం పుట్టిన ఘడియను బట్టి కాదు, నడిచిన దారిని బట్టి. ఆ దారుల్లో మళ్లీ మళ్లీ కనిపించే తీరులకు లాంజా, ఆయన సహచరుడు స్టెఫాన్ డ్యుకాస్ పేర్లు పెట్టారు. చాలావరకూ నక్షత్రాల పేర్లే!

పల్సర్: పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. నాడిలా కొట్టుకుంటూ ఉంటుంది. కొత్త పని వచ్చినప్పుడల్లా ఇందులోకే వచ్చి చేరుతుంది. ఎవరో ఒకరు సర్ది తగ్గిస్తారు. మళ్లీ మామూలే. ప్రతి విడుదలకూ దీన్ని తాకక తప్పదు కాబట్టి కన్నేసి ఉంచాల్సింది దీనిమీదే.

సూపర్‌నోవా: నిన్నటిదాకా చిన్నదే. ఉన్నట్టుండి ఒక్క విడుదలలో బాంబులా పేలినంత పెద్దదవుతుంది. ఒక్కోసారి ఇతర క్లాసుల పనులన్నీ తెచ్చి ఇందులో పోస్తారు. మరోసారి ముందుగా ఖాళీ డబ్బా పెట్టి తర్వాత నింపుతారు. కారణమేదైనా ఒకసారి లోపలికి తొంగి చూడాలి.

రెడ్ జెయింట్: విడుదల తర్వాత విడుదల... ఎప్పుడు చూసినా భారీగానే ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు లాంటిది. ఏ పనైనా ఆవిడ చేతిమీదుగా జరగాల్సిందే. ఆవిడకు ఒంట్లో బాగోకపోతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా భారం పంచుకుందామని ఎవరికీ తోచదు.

వైట్ డ్వార్ఫ్: ఒకప్పుడు వెలిగింది. ఒక్కో పనీ ఇతరుల చేతుల్లోకి పోయి చితికిపోయిన జమీందారులా మిగిలింది. ఇక అవసరం లేకపోవచ్చు. చూసి తీసేయాల్సిన జాబితాలో ముందుండేది ఇదే.

డేఫ్లై: తొలకరికి పుట్టి తెల్లారేసరికి రాలిపోయే ఉసిళ్లలాంటివి. ఒక్క విడుదలలో కనిపించి మాయమవుతాయి. ఎవరో ఓ ఆలోచన చేసి చూశారు, కుదరలేదు, వదిలేశారు.

స్టాగ్నెంట్: ఉలకదు, పలకదు. ఎన్ని విడుదలలైనా అదే వెడల్పు, అదే ఎత్తు. అంత చక్కగా రాసి ఉండొచ్చు. అసలెవరూ వాడకపోయి ఉండొచ్చు. ఏదో తేల్చుకోవాలి.

పర్సిస్టెంట్: సాఫ్ట్‌వేర్ పుట్టిన రోజు నుంచీ ఉన్నది. ఇల్లు నిలబడింది దీనిమీదే కావచ్చు. లేదా ముత్తాతల నాటి భోషాణంలా ఎందుకుందో చెప్పేవాళ్లు లేక, తీసే ధైర్యం లేక అలా ఉండిపోయి ఉండొచ్చు.

మారలేదు కదా అని నమ్మడానికీ లేదు. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియన్-5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే బయల్దేరి నిమిషమైనా కాకముందే ముక్కలైంది. దిశ చూపే వ్యవస్థలో ఏరియన్-4 నాటి కోడ్‌నే యథాతథంగా వాడారు. కోడ్ మారలేదు... రాకెట్ మారింది! కొత్త రాకెట్ పక్కవాటు వేగం పాత కోడ్ పట్టగలిగిన అంకెను దాటిపోయింది. నైట్ క్యాపిటల్‌లో నిద్రలేచిందీ, ఇక్కడ పొంగిపొర్లిందీ ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని కోడే.

లాంజా తర్వాత స్విట్జర్లాండ్‌లోనే లుగానో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. అక్కడ ఆయన శిష్యుడు రిచర్డ్ వెట్టెల్ మరో అడుగు ముందుకేసి సాఫ్ట్‌వేర్‌ని ఏకంగా ఓ నగరంగా చూపించాడు. పేరు 'కోడ్‌సిటీ'. అందులో క్లాసులు భవనాలు, క్లాసుల గుంపులు పేటలు. పనులు ఎక్కువుంటే భవనం ఎత్తు పెరుగుతుంది. ఊరి మధ్యలో ఒక్కటే ఆకాశహర్మ్యం కనిపిస్తే... రెడ్ జెయింట్ ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదు!

నిన్న ఎండ... రేపూ ఎండే

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరుకి వెయ్యి క్లాసుల కోడ్ చేతికిస్తారు. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది ముందు చదవాలి?

2004లో ట్యూడర్ గిర్బా అనే పరిశోధకుడు డ్యుకాస్, లాంజాలతో కలిసి దీనికో ఉపాయం చెప్పారు. ఆ పరిశోధన పేరు 'నిన్నటి వాతావరణం'. మే నెలలో రెంటచింతలలో రేపు ఎలా ఉంటుందని అడిగితే ఏ శాస్త్రమూ చదవక్కర్లేదు. ఇవాళ ఎండ కాసింది, రేపూ కాస్తుంది. చాలాసార్లు నిజమవుతుంది కూడా. అలాగే... ఈమధ్య ఎక్కువగా మారిన క్లాసులే త్వరలో మళ్లీ మారతాయనుకుంటే? ముందు వాటినే చదివితే సరి!

అయితే ఈ సూత్రం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. అల్పపీడనం పట్టిన నవంబరులో కోస్తాతీరంలో ఇవాళ్టిని బట్టి రేపటిని చెప్పబోతే నవ్వులపాలవుతాం. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ గతంలో ఈ ఊహ ఎన్నిసార్లు నిజమైందో ముందుగా లెక్క తీయమన్నారు. ఆ శాతం ఎక్కువగా ఉంటే అది రెంటచింతల. నిన్నటిని నమ్ముకోవచ్చు. తక్కువుంటే తుపాను తీరం. మరో దారి చూసుకోవాలి.

జంటగా మారేవి

అదే ఏడాది జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ జిమ్మర్‌మాన్, ఆండ్రియాస్ జెల్లర్ బృందం మరో తీరుని పట్టుకుంది. ఆన్‌లైన్ దుకాణంలో ఓ పుస్తకం చూస్తుంటే 'ఇది కొన్నవాళ్లు ఇవి కూడా కొన్నారు' అని చూపిస్తుంది కదా. అదే పద్ధతిని కోడ్‌కి వర్తింపజేశారు. 'ఇది మార్చినవాళ్లు అది కూడా మార్చారు' అని ఇంజినీరుకి గుర్తుచేసే 'రోజ్' అనే పనిముట్టు తయారుచేశారు.

దీనికి ఆధారం మార్పుల చిట్టా. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో, ఒకేసారి ఏమేం మారాయో సాఫ్ట్‌వేర్ సంస్థలు రోజువారీ పద్దులా రాసిపెట్టుకుంటాయి. ఆ పద్దుల్ని తిరగేస్తే... పైకి ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనట్లు కనిపించే రెండు క్లాసులు ప్రతిసారీ జంటగా మారుతుంటాయి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోయామా, తప్పు దొర్లినట్లే. రోజ్ ఇచ్చిన మొదటి మూడు సూచనల్లో కనీసం ఒకటి సరైనది కావడం సగం కన్నా ఎక్కువసార్లే జరిగింది. కోడ్‌లో రాయని చుట్టరికాలు చిట్టాలో బయటపడ్డాయన్నమాట.

పుట్టుకతో వచ్చిన బుద్ధి

పసిపాప దగ్గర వాసన వస్తే ఏం చేయాలో ఏ బామ్మనడిగినా చెబుతుంది. 1999లో మార్టిన్ ఫౌలర్ రాసిన 'రీఫ్యాక్టరింగ్' పుస్తకంలో చెడ్డ కోడ్ గురించి ఓ అధ్యాయం ఉంది. అందులో సహరచయిత కెంట్ బెక్. చెడ్డ కోడ్‌కి 'వాసన' అని పేరుపెట్టిందీ ఆయనే. ఆ అధ్యాయం మొదట్లో తలుచుకున్నది కూడా పిల్లల పెంపకం గురించి తన బామ్మ చెప్పిన మాటనే! వాసన అంటే తప్పు కాదు. ప్రోగ్రామ్ పనిచేస్తూనే ఉంటుంది. లోపల ఏదో తేడా ఉందని ముక్కుకి తెలుస్తుంది, అంతే.

ఈ వాసనలు ఎప్పుడు మొదలవుతాయి? ఏళ్ల తరబడి అతుకులు వేసీ వేసీ చెడిపోతుందనేది అందరి నమ్మకం. 2015లో మికేలె టుఫానో తదితర పరిశోధకులు 200 ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల చిట్టాలు వెతికితే మరోటి తేలింది. ఎక్కువ వాసనలు ఆ కోడ్ పుట్టినరోజునే ఉన్నాయి! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే... అలా.

ఇంకో నమ్మకం కూడా కూలింది. చెడ్డ కోడ్ రాసేది కొత్తగా చేరిన కుర్రాళ్లని సీనియర్లు అంటుంటారు. కానీ ఆ నింద కొత్తవాళ్ల మీదే వేయడానికి లేదని చిట్టాలు చెప్పాయి. నెత్తిన పని ఎక్కువై, విడుదల తేదీ ముంచుకొచ్చిన ఇంజినీర్ల చేతుల్లోనే వాసనలు ఎక్కువ పుట్టాయి. అంటే రాసిన మనిషి కన్నా రాయించిన హడావుడిదే పెద్ద వాటా. అదే బృందం 2017లో ఇంకో లెక్క చెప్పింది. పుట్టిన వాసనల్లో 80 శాతం అలాగే ఉండిపోతున్నాయి. పోయిన ఇరవై శాతంలోనూ, పనిగట్టుకుని బాగుచేస్తే పోయినవి నూటికి తొమ్మిదే!

కూల్చాలా... బాగుచేయాలా?

అంత పాడైతే మొత్తం పారేసి కొత్తగా రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఒకప్పుడు ఇంటర్నెట్ బ్రౌజర్ అంటే నెట్‌స్కేప్. 1997లో నాలుగో వెర్షన్ వచ్చింది. ఆ తర్వాత కోడ్‌ని చాలావరకూ కొత్తగా రాయాలని నిర్ణయించారు. అయిదో వెర్షన్ రానేలేదు. ఆరోది వచ్చేసరికి 2000 నవంబరు. ఆ మధ్యలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌ని ఊడ్చేసింది. పాత కోడ్ వికారంగా ఉన్నా, ఏళ్ల తరబడి ఎదురైన ఇబ్బందులకు కనిపెట్టిన పరిష్కారాలన్నీ అందులోనే ఉంటాయి. పారేస్తే అవీ పోతాయి.

అందుకే చాలామంది నిపుణులు చెప్పేది, ఇంట్లో కాపురం ఉంటూనే గది తర్వాత గది బాగుచేసుకోమని. చేసే పని మారకుండా లోపలి అమరికను మాత్రం చిన్న చిన్న అడుగుల్లో సరిదిద్దడం. దాని పేరే రీఫ్యాక్టరింగ్. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఆప్‌డైక్ 1992లోనే దీనిమీద డాక్టరేటు చేశారు. అదే ఏడాది వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ ఈ సంగతినే డబ్బు భాషలో చెప్పారు. తొందరలో రాసిన కోడ్ అప్పులాంటిది. త్వరగా తీర్చేస్తే మంచిదే, పని నడుస్తుంది. తీర్చకుండా వదిలేస్తే ప్రతి మార్పుకీ వడ్డీ కట్టాలి. అప్పు చేసి పప్పుకూడు ఎన్నాళ్లని!

బాగుచేయడానికి చేతిలో ఉన్న సమయం కొంచెమే. ఉన్న గదులు వేలు. ముందు దేన్ని ముట్టుకోవాలి? గళ్లపటాలూ, నిన్నటి వాతావరణాలూ, జంటల చిట్టాలూ ఉపయోగపడేది అక్కడే. కొట్టుకునే పల్సర్‌నీ, కదలని రెడ్ జెయింట్‌నీ ముందు చూడమంటాయి. నిద్రపోతున్నదాన్ని మరిచిపోవద్దంటాయి.

ఇప్పుడు కృత్రిమమేధ కూడా కోడ్ రాసిపెడుతోంది. మనిషి రోజంతా కూర్చుని రాసేది నిమిషాల్లో వచ్చేస్తోంది. రాయడం తేలికైంది కానీ దాన్ని పదేళ్లపాటు పోషించే పని అలాగే ఉంది. పుట్టినరోజునే వాసనలు మొదలవుతున్నాయని తెలిశాక, ఇంత వేగంగా పుడుతున్నదాన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవాల్సిందే.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే 'ఇంకా పనిలోనే ఉన్నానమ్మా' అంటాడు కొడుకు. 'ఇంతసేపు ఏం రాస్తున్నావురా' అని తల్లి అడుగుతుంది. నిజానికి రాయడం లేదు, చదువుతున్నాడు. ఎప్పుడో, ఎవరో, ఏదో తొందరలో రాసి వెళ్లినదాన్ని. తెల్లారేలోగా అందులో నాలుగు లైన్లు తనవీ చేరతాయి. వాటిని చదవాల్సినవాళ్లు బహుశా ఇంకా బళ్లోనే ఉండి ఉంటారు.

కొన్ని వాసనలు... వాటి కథలు

ఫీచర్ ఎన్వీ: పొరుగింటి పుల్లకూర రుచి. ఉన్నది ఒక క్లాస్‌లో. ధ్యాసంతా పక్క క్లాస్ సమాచారం మీదే. దాన్ని అక్కడికే పంపేస్తే సరి.

షాట్‌గన్ సర్జరీ: ఒక్క చిన్న మార్పు చేయాలన్నా పది క్లాసుల్లో తలా కాస్తా మార్చాలి. ఒక్కటి మరిచిపోయినా గోవిందా!

రెఫ్యూజ్డ్ బిక్వెస్ట్: తల్లి క్లాస్ ఇచ్చిన ఆస్తి పిల్ల క్లాస్‌కి అక్కర్లేదు. వద్దనుకుంటూనే మోస్తుంది. అసలా బంధుత్వమే తప్పేమో చూడాలి.

మిడిల్ మ్యాన్: అచ్చంగా దళారి. తాను చేసేదేమీ ఉండదు. ఏ పని చెప్పినా ఇంకొకరికి చెప్పడమే.

లేజీ క్లాస్: ఉందంటే ఉందంతే. దాన్ని పోషించడానికి అయ్యే ఖర్చుకి తగ్గ పని చేయదు.

డూప్లికేటెడ్ కోడ్: ఒకే ముక్క నాలుగుచోట్ల. తప్పు ఒకచోట దిద్దితే మిగతా మూడుచోట్లా అలాగే ఉంటుంది.